పరీక్షలో ఉన్న అమ్మకు సాయం చేయరాదు

పెద్ద సంస్థల్లో యూఎక్స్ డిజైనర్లుగా పైకి రాదలచిన యువతీ యువకుల మేలు కోరి ఈ కింది వృత్తాంతాన్ని ప్రచురించడమైనది. యూఎక్స్ డిజైనర్ అంటే ఎవరో తెలియనివారికి ఒక మాట. ఫోన్ తెర మీద ఏ బటన్ ఎక్కడ ఉంటే జనానికి సుఖంగా ఉంటుందో చూసే మనిషి. జనం నిజంగానే సుఖపడితే ఆ మనిషి ఉద్యోగం ఏమవుతుందన్నది మున్ముందు తెలుస్తుంది.

మన కథానాయిక చేరిన సంస్థకు ముప్ఫై కంటి ఆసుపత్రులున్నాయి. అన్నిటికీ కలిపి ఒకటే యాప్. ఆపరేషన్‌కు తేదీ కావాలంటే అందులోనే తీసుకోవాలి. పూర్వం కౌంటర్లలో మనుషులుండేవారు గానీ, వాళ్లు రోగులతో మాట్లాడుతూ కాలం వృథా చేస్తున్నారని గమనించి తీసేశారు. చేరిన మొదటి రోజే అమ్మాయి ఒక చిన్న సంగతి కనిపెట్టింది. తేదీ ఎంచుకున్నాక చివర్లో రెండు బటన్లు వస్తాయి. ఒకటి ‘ఖాయం’, రెండోది ‘రద్దు’. రెండూ ఒకే సైజు, ఒకే బూడిద రంగు, మధ్యలో బియ్యపు గింజ పట్టేంత సందు. శుక్లాలు ముదిరిన కళ్లకు రెండూ కలిసి ఒకటే మరకగా కనిపిస్తాయి. శుక్లాలు లేనివారికి ఆ తెరతో పనే లేదు.

ఇది పది నిమిషాల పని, ఇవాళే మార్చేస్తానని విభాగాధిపతికి చెప్పింది. ఆయన్ని ఆఫీసంతా సానుభూతిగారు అంటారు. నోరు తెరిస్తే వాడుకరుల పట్ల సానుభూతి గురించే మాట్లాడతారు కనుక ఆ పేరు స్థిరపడింది. ఆయన తలుపు వేసి, కుర్చీ చూపించి, కన్నతండ్రిలా బోధించారు.

“ఇవాళ మార్చేస్తే రేపట్నుంచి ఏం చేస్తావమ్మా? ప్రమోషన్ కమిటీ ముందు నిలబడి బటన్‌కి రంగేశానని చెప్తావా? సమస్యని ప్రేమించడం నేర్చుకో. తొందరేముంది?”

అమ్మాయి తెలివైనది, ఇట్టే గ్రహించింది. మొదటి ఏడు, తెర మీద బటన్లు రెండే ఉన్నాయా అని సర్వే చేసి నిర్ధారించింది. రెండో ఏడు నలభై మందిని ఒక గదిలో కూర్చోబెట్టి, గోడల నిండా పసుపు చీటీలు అంటింపజేసింది. బూడిద రంగు మీద అరవై నాలుగు పేజీల నివేదిక రాసింది. ఆ బియ్యపు గింజ సందును ఏమని పిలవాలో తేల్చడానికి ఒక ఉపసంఘం ఏర్పడి, ఇప్పటికీ దీక్షగా కూర్చుంటూనే ఉంది. ఏడాదికొక మెట్టు చొప్పున ఆమె పైకి వెళ్లింది, బటన్లు మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి.

మూడో ఏడు కమిటీ వారు అసలు సిసలు వాడుకరి ఒకరు కావాలన్నారు. ఆ వాడుకరి ఇంట్లోనే ఉంది. అమ్మ ముప్ఫై ఏళ్లు టైపిస్టుగా చేసిన మనిషి, మీటల వంక చూడకుండా తప్పు లేకుండా కొట్టేది. ఇప్పుడు రెండు కళ్లకూ శుక్లాలు. కూతురు చూపించిన చోట సంతకం పెట్టి అమ్మ పరిశోధనలో చేరిపోయింది. ఆ కాగితంలో నాలుగో నియమం ఇది: పరీక్షలో ఉన్న వాడుకరికి మాటతో గానీ, చేత్తో గానీ, కనుసైగతో గానీ సాయం చేయరాదు. చేసినచో పరిశోధన చెల్లదు.

నాటి నుంచి ప్రతి ఆదివారం భోజనాల బల్ల దగ్గర అమ్మ ఫోన్ తీసేది, ఎదురుగా కూతురు నోటుపుస్తకం తెరిచేది.

“ఇదేనంటావా నొక్కాల్సింది?” అని అడిగింది అమ్మ మొదటిసారి.

పరిశోధకులు అనవలసిన మాట ఒకటే అచ్చువేసి ఇచ్చారు. కూతురు అదే అంది. “మీకేమనిపిస్తోంది?”

అమ్మ వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూసింది. “ఎవరొచ్చారే, మీరు అంటున్నావు?”

ఎవరూ రాలేదు. అమ్మ ‘రద్దు’ నొక్కింది. ఆ ఆదివారమే కాదు, వరసగా పదకొండు ఆదివారాలు అదే నొక్కింది. అమ్మ మంచినీళ్లు గ్లాసులో కాక పక్కన పోయడం మొదలైంది. ఎడమ కంటికి ఇంకా ఆలస్యమైతే ఆపరేషన్ చేసినా చూపు దక్కదని డాక్టరు తేల్చి చెప్పారు. ఆ ఆదివారం కూతురి గుండె తరుక్కుపోయింది. లేచి వెళ్లి అమ్మ మణికట్టు పట్టుకుంది కూడా. అంతలో కమిటీ మూడు వారాల్లో ఉందని, పదకొండు ఆదివారాల పరిశోధన చెల్లకుండా పోతుందని గుర్తొచ్చి వదిలేసింది. గుండె తరుక్కుపోయిన విషయాన్ని మాత్రం దాచుకోలేదు, స్లైడ్‌లో పెట్టింది.

స్లైడ్ చూసి కమిటీ వారు కళ్లు తుడుచుకున్నారు. అమ్మ ఫొటోను నిలువెత్తు అట్ట బొమ్మగా చేయించి ఆఫీసు ద్వారం దగ్గర నిలబెట్టారు. వచ్చేపోయేవారు అమ్మా బాగున్నారా అని బొమ్మను పలకరించడం ఆనవాయితీ అయింది. కూతురికి ప్రధాన సానుభూతి అధికారి పదవి ఖరారైంది. పదవీ స్వీకార సభకు అమ్మను ముఖ్య అతిథిగా పిలిచారు.

సభ కిక్కిరిసిపోయింది. సానుభూతిగారు మైకు అందుకున్నారు. “ఈ తల్లి లేనిదే మన విభాగం లేదు. మూడేళ్లుగా ఈమెలాంటి వారి కష్టాన్ని మనం చెక్కు చెదరకుండా కాపాడుకుంటూ వచ్చాం. ఇప్పుడు మీ అందరి ఎదుటా, ఎవరి సాయమూ లేకుండా, ఈమె ఆపరేషన్ తేదీ తీసుకుంటారు.”

అమ్మ చేతికి ఫోన్ ఇచ్చారు. ఆ తెరే వెనక గోడంత పెద్దదిగా అందరికీ కనిపిస్తోంది. అమ్మ వేలు ‘ఖాయం’ మీదకు వెళ్లింది, అనుమానంగా ఆగింది, గింజంత పక్కకు జరిగింది. సభలో ఎనిమిది వందల మంది ఊపిరి బిగబట్టారు. నియమం అందరికీ తెలుసు కనుక ఒక్కరూ నోరు విప్పలేదు. అమ్మ నొక్కింది. గోడ మీద ‘మీ తేదీ రద్దయినది, ధన్యవాదాలు’ అని వెలిగింది. సమస్య ఎంత సజీవంగా ఉందో కళ్లారా చూసిన ఆనందంలో అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

అమ్మకు గోడ కనిపించలేదు, చప్పట్లు మాత్రం వినిపించాయి. మొహం విప్పారింది. పక్కనే ఉన్న కూతురి చెయ్యి వెతికి పట్టుకుంది.

“ఇంతమంది చప్పట్లు కొడుతున్నారు. ఈసారి సరిగ్గానే నొక్కానా?”

కూతురు నోరు తెరిచింది. ఇన్ని ఆదివారాల అలవాటే నోటికొచ్చింది.

“మీకేమనిపిస్తోంది?” అంది.

ఆమె పదోన్నతి వల్ల కింద ఒక పోస్టు ఖాళీ అయినది. ఇది చదువుతున్నంతసేపూ అమ్మ వేలు పట్టుకుని పక్క బటన్ మీద పెట్టాలని చెయ్యి లాగినవారు దయచేసి దరఖాస్తు చేయవద్దు. మధ్యమధ్య నవ్వుకుంటూ, కుర్చీలోంచి కదలకుండా ఇక్కడిదాకా వచ్చినవారికి ముందస్తు అనుభవం అవసరం లేదు.