నక్క ఉంది, దుంపలు నాటలేను

మంచు కరిగిందని మా సైబీరియా అంతా సంబరపడుతుంటే ఏడ్చేది నేనొక్కణ్ణే. మంచు కరిగితే నేల కనిపిస్తుంది. నేల కనిపిస్తే అత్తగారికి నేను గుర్తొస్తాను.

మే సెలవులు నాలుగు రోజులూ ఆవిడ తోటలో నడుం వంచి బంగాళాదుంపలు నాటాలి. పోయినేడు నాటొచ్చాక జూన్ దాకా కొడవలిలాగే నడిచాను!

ఈసారి ఉపాయం తట్టింది. మా ఆవిడ అగ్నియా నక్కల పరిశోధన కేంద్రంలో పనిచేస్తుంది, నేనక్కడే పంజరాలు బాగుచేస్తాను. ఒక వరుసలో సాధు నక్కలు. తరతరాలుగా మనిషిని చూసి తోకూపినవాటినే ఏరి జతకట్టించగా పుట్టినవి. వాటి మెదడులో మనసుని శాంతపరిచే సెరటోనిన్ ఎంత పుష్కలమంటే, దొంగొచ్చినా చెయ్యి నాకి బీరువా చూపిస్తాయి. ఎదుటి వరుసలో కరిచేవాటినే ఏరి పెంచినవి. చూడ్డానికి రెండూ ఒకటే, పంజరం మీది చీటీయే తేడా. పరీక్ష కూడా సులువే. మందపాటి తొడుగేసుకున్న చేత్తో తిండి అందిస్తారు. తింటే ఈ వరుస, కరిస్తే ఆ వరుస.

ఓ సాధు నక్కని ఇంటికి తెస్తే? దానికి తోడుగా ఎవరో ఒకరు ఇంట్లో ఉండొద్దూ?

మూడు రోజులు సూప్ తాగుతూ అగ్నియాని ఆరా తీశాను.

"సాధు వరుసలో ఆ లాప్కా నిజంగా కరవదా?"

"బంగారుతల్లి. ఎందుకు తీషా?"

"ఊరికే. శాస్త్రం మీద ఆసక్తి."

"పన్నెండేళ్ళ కాపురంలో మొదటిసారి!"

శుక్రవారం పొద్దున్నే అగ్నియా కొత్త కర్టెన్లు విప్పేసింది. పింగాణీ సామానంతా అటకెక్కించింది. ఊరెళ్ళే ముందు ఇల్లు సర్దుతోంది కాబోలనుకున్నాను.

సాయంత్రం 'లాప్కా' చీటీ ఉన్న పంజరంలోంచి కునుకుతున్న నక్కని పెట్టెలోకి తోలి, ఇంటికి తెచ్చి, ముద్దుగా మూత తీశాను.

అది నక్క కాదు, బొచ్చున్న తుఫాను! నా కుర్చీ చీరింది. నా చేపలవేట బూట్లు నమిలింది. నా ప్యాంటు కొంత దాని నోట్లో, మిగతాది నాతో బాత్రూంలో. గడియ పెట్టేశాను.

"అగ్నియా! కొరికేస్తోంది!"

బయట రెండడుగుల చప్పుడు, పెట్టె మూత టక్కుమంది. అంతే, నక్క గోల ఆగిపోయింది.

"వీడి పేరు బురాన్, తీషా. కరిచే వరుస. మధ్యాహ్నం చీటీలు నేనే మార్చాను."

"నన్ను చంపుదామనా?"

"నీకు శాస్త్రం మీద ఆసక్తి కదా!"

"నే బయటికి రాను. దుంపలు నాటను!"

తలుపు కింద సందులోంచి మాంసం కూరి ఉడికించిన పెల్మెనీల వాసన. నాకూ పౌరుషం ఉంది, గట్టిగా ముక్కు మూసుకున్నాను. కానీ మీగడ కూడా వేసిందండీ! గడియ తీసి తలుపు జానెడు తెరిచాను. మందపాటి తొడుగులోంచి ఓ పెల్మెనీ లోపలికొచ్చింది.

తినేశాను.

"కరవలేదు," అంటూ పుస్తకంలో రాసుకుంది. తరవాత ఫోను నొక్కిన చప్పుడు.

"అమ్మా, విత్తన దుంపలు బయటపెట్టు. అల్లుడు తోకూపుకుంటూ వస్తున్నాడు."