నాలుగు కాగితాల మీద కొబ్బరికాయ

హార్సిలీ కొండల నీలిశిఖరాలు చైత్రాతపానికి మసకబారుతుండగా, మదనపల్లె మార్కెట్టు నుండి టమాటా లారీలు రక్తవర్ణ రథపంక్తులై నలుదిక్కులకూ కదులుతుండగా, గడియారపు చిన్నముల్లు నాలుగు దాటి ఐదు వైపు నిర్దయగా జరుగుతున్న ఒక శనివారపు అపరాహ్ణాన, పుంగనూరు బస్టాండు వెనుక సందులో, కాలిపోయిన బోరు మోటార్ల కళేబరాల నడుమ, రాగితీగచుట్టల సింహాసనంపై, ఇరవై రెండేళ్ల వీరనారి, మోటారుభిషగ్వరుడైన హిదాయతుల్లా ఏకైక తనూజ, అస్ఖలితధైర్య కుల్సుమ్, సెల్‌ఫోనును దివ్యాస్త్రంలా రెండు చేతులా పట్టుకుని శత్రువుకు ఎదురుగా కూర్చుంది.

శత్రువు ఒక దరఖాస్తు.

మదనపల్లెలో ఆమె చదివే కంప్యూటర్ సంస్థ, నెట్‌వర్కింగ్ తొలిమెట్టు సర్టిఫికెట్‌తో పాటు ఒక తోడు సబ్జెక్టు ఎంచుకోమంది. ఒక్కటే. సాయంత్రం ఐదు లోపల. ఐదు కొట్టాక దరఖాస్తు మూతపడుతుంది. ఎంచుకోని అభాగ్యులకు సంస్థే పెళ్లిపత్రికల డిజైనింగ్ అంటగడుతుంది. పోయినేడు ఆ గతి పట్టిన నిమ్మనపల్లె యోధుడొకడు నేటికీ రౌటర్ పక్కన కూర్చుని శుభలేఖల అంచులకు నెమలీకలు అతికిస్తున్నాడని వదంతి.

కుల్సుమ్‌కు నెమలీకల భయం లేదు. ఆమె భయమంతా కుప్పం.

నెల కిందట కుప్పంలో ఒక ఆసుపత్రి కంప్యూటర్ విభాగంలో ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకు వెళ్లింది. అక్కడి అధికారిణి ప్రభావతి, శాంతస్వరూపిణి, మృదుభాషిణి, ఒకే ఒక్క బాణం వేసింది.

"తీగ బాగుండాది. లైటు వెలగతాండాది. అయినా అవతలి మిషను పలకలేదు. ఏం చేస్తావమ్మా?"

"తీగ ఇంగోసారి చూస్తా మేడమ్."

"అప్పటికీ పలకలేదు."

"మళ్లా చూస్తా."

ప్రభావతి ఫైలు మూసింది. "తీగలు చూసేవాళ్లు మాకు ఉండారమ్మా. ఇంగొకటేదన్నా గట్టిగా నేర్చుకోనిరా. జూన్ దాకా ఈ సీటు ఎవురికీ ఇయ్యను."

ఆ సీటు కోసమే ఈ సంగ్రామం.

ఇక ఆ దరఖాస్తు గడులలో కొలువుదీరిన నలుగురు మహారథులను వినండి. మొదటివాడు సర్పధ్వజుడు పైథాన్, ప్రోగ్రాములు రాయించేవాడు. రెండవవాడు మేఘవాహనుడు క్లౌడ్, ఎక్కడో ఉన్న కంప్యూటర్లను ఇక్కడినుండి నడిపించేవాడు. మూడవవాడు వజ్రకవచధారి సైబర్ సెక్యూరిటీ, తల్లినైనా పాస్‌వర్డ్ లేనిదే గడప దాటనివ్వనివాడు. నాలుగవవాడు లినక్స్, మితభాషి, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు తప్ప ఆభరణమెరుగని ఋషితుల్యుడు, పెద్ద మిషన్ల పొట్టలోపల ఏం జరుగుతుందో తెలిసినవాడు.

నాలుగుంబావుకు సంస్థ సలహాదారు వరదరాజులు ఫోను చేశాడు. అతని వాక్కు శంఖారావం.

"అమ్మా కుల్సుమ్, నా మాట విను. రానున్న యుగం పైథాన్‌ది. పైథాన్ చేతిలో ఉంటే నీకు ఎదురు లేదు, నీ వెనకాల కంపెనీలు క్యూ కడతాయి."

"పొద్దన క్లౌడ్ అంటిరి గదా సార్?"

శంఖం స్వరం తగ్గించింది. "అది పొద్దన మాటమ్మా. ఆ బ్యాచి నిండిపాయె."

ఆమె ఫోను పెట్టేసి తండ్రి వైపు తిరిగింది. "అబ్బా, నువ్వన్నా చెప్పు."

హిదాయతుల్లాకు మోటారు వైండింగ్ తప్ప మరో వేదం తెలియదు. కానీ ఆపత్కాలంలో తెలిసినవాడిని పిలవడం తెలుసు. దైవికంగా ఆ సమయానికే తంబళ్లపల్లె గంగప్ప తన మోటారు కోసం వచ్చి బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నాడు. అరచేతిలో పీచు తీసిన కొబ్బరికాయను అడ్డంగా పెట్టుకుని చేలలో నడుస్తాడు గంగప్ప. భూగర్భంలో నీళ్లున్నచోట పడుకున్న కాయ నిటారుగా లేచి నిలబడుతుంది. అక్కడ బోరు వేస్తారు. అతనే భూగర్భజలాన్వేషణధురంధరుడు, ముప్పై ఊళ్ల శనక్కాయ రైతులకు ఆశాకిరణం.

"ఈయప్ప చూపిన తావున ఇరవై ఏండ్లుగా మోటార్లు దించతాండా బేటీ," అన్నాడు హిదాయతుల్లా. "పదింటికి ఏడు నీళ్లు పడతాయి. మీ సారు మాటకన్నా మేలు గదా?"

గంగప్ప టీ గ్లాసు కింద పెట్టాడు. "సదువులకెప్పుడూ సూడలేదప్పా."

"మున్నూరు అడుగుల లోపలుండేది కనిపెడతావు. నేల మీదుండే కాగితం కనిపెట్టలేవా?"

ఆ మాట గంగప్ప పౌరుషానికి తగిలింది. సంచిలోంచి ఆయుధం బయటికొచ్చింది. కుల్సుమ్ నాలుగు సబ్జెక్టుల సిలబస్ కాగితాలు అంగడి గచ్చు మీద నాలుగు మూలలా పరిచింది. తనకు నమ్మకం లేదు. కానీ గంటన్నరగా తన బుద్ధి కూడా ఏమీ చెప్పలేదు.

గంగప్ప చెప్పులు విడిచాడు, కళ్లు మూశాడు, సాగాడు. పైథాన్ మీద కాయ కదలలేదు. లినక్స్ మీద బద్ధకంగా పడుకుంది. క్లౌడ్ మీద కొద్దిగా ఒరిగి, మనసు మార్చుకుంది. సెక్యూరిటీ కాగితం మీద అడుగు పడగానే, సింహాసనం మీది రాజులా లేచి నిలబడింది.

"ఐపాయ," అన్నాడు హిదాయతుల్లా. "నొక్కు."

నాలుగూ నలభై ఒకటి. కుల్సుమ్ బొటనవేలు తెరకు వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయింది. కోర్సు మొదటి వారంలో నేర్పిన సూత్రం గుర్తొచ్చింది: లోపం తీగలోనో తావులోనో తెలియకపోతే, తీగలు తారుమారు చేసి మళ్లీ చూడు.

"గంగప్ప మామా, ఇంగొక్కసారి," అంది. కాగితాలను తారుమారు చేసింది.

గంగప్ప మళ్లీ నడిచాడు. కాయ అదే మూలన లేచింది. ఈసారి దాని కింద పైథాన్ ఉన్నాడు.

మూడోసారి మార్చింది. అదే మూల. ఈసారి క్లౌడ్.

హిదాయతుల్లా గడ్డం గోక్కున్నాడు. "ఆ మూల కింద మన సంపుండాది బేటీ."

"నీళ్లుండాయనే గదప్పా నేను చెప్పేది," అన్నాడు గంగప్ప, ఇసుమంతైనా చలించకుండా. "నిండుగా ఉండాయి."

"ఔ. పొద్దన్నే ట్యాంకరు పోయించినా."

అపజయమెరుగని ఆ వీరుడు కాయను సంచిలో పెట్టుకుని తన గోడు ఎత్తుకున్నాడు. "నా మోటారు సంగతి చెప్పప్పా. తీగ మూడుసార్లు మార్పిస్తి. పైపు కొత్తది. అయినా నీళ్లు రాలేదు, యాల?"

"మోటారుకేమీ కాలేదు గంగప్పా. తీగలో కరెంటుందని తీగనే పట్టుకోని వేలాడితివి. స్టార్టర్ పెట్టె యాడుండాది?"

"బోరు కాడ."

"దాన్ని తెరిసి సూసినావా?"

"దాని లోపల నాకేం తెలుస్తాదప్పా?"

కుల్సుమ్ చెవిలో ఆ మాట పిడుగై పడింది. తీగ బాగుండాది. లైటు వెలగతాండాది. అవతలి మిషను పలకలేదు. తను కూడా రెండుసార్లు తీగే చూస్తానంది. పెట్టె తెరవడం తెలియకే కదా. ఆమె గచ్చు మీద కూర్చుని నాలుగు సిలబస్‌లూ ఒకే ప్రశ్నతో చదివింది: వీటిలో అవతలి మిషను పెట్టె తెరిచేది ఏది? పైథాన్ రాయడం నేర్పుతాడు. క్లౌడ్ దూరదేశపు మిషన్ల మాట చెబుతాడు. సెక్యూరిటీ తలుపు కాస్తాడు. కొబ్బరికాయ ఒక్కసారైనా లేచి పలకరించని ఆ మితభాషి ఒక్కడే మూడో పాఠంగా రాసుకున్నాడు: సర్వర్ పలకనప్పుడు చేయవలసిన పరీక్షలు.

నాలుగూ యాభై ఏడు. ఆమె లినక్స్ గడి నొక్కింది. తెర మీద చక్రం తిరిగింది, తిరుగుతూనే ఉంది.

"సిగ్నల్ సూడు బేటీ, బయటికి పో," అన్నాడు తండ్రి.

"సిగ్నల్ బాగుండాది అబ్బా." ఆమె అడుగు కదపలేదు. ఆ పేజీ మూసి, కొత్తగా తెరిచి, మళ్లీ నొక్కింది. నాలుగూ యాభై తొమ్మిది. పచ్చటి అక్షరాలు పడ్డాయి: మీ ఎంపిక నమోదైంది.

"కొట్టు గంగప్పా కాయ," అన్నాడు హిదాయతుల్లా. "పిల్ల గెలిచింది."

"పనిముట్టప్పా ఇది. నువ్వు స్పానరు పగలగొట్టి పంచుతావా?"

కుల్సుమ్ కుప్పానికి సందేశం పెట్టింది: మేడమ్, ఇకమీదట తీగ ఒక్కసారే చూస్తా. తర్వాత మిషను లోపల చూస్తా. లినక్స్ తీసుకున్నా.

జవాబు టీలు చల్లారకముందే వచ్చింది: జూన్ ఒకటి, పొద్దున తొమ్మిదికి మళ్లీ ఇంటర్వ్యూ. ఆలస్యం చేయొద్దు.

సకలలోకవాసులారా, వినండి. నలుగురు మహారథులు, ఒక శంఖం, ఒక కొబ్బరికాయ, పన్నెండు వేల లీటర్ల సంపు ఏకమై ఎదిరించినా, పుంగనూరు వీరనారి కుల్సుమ్ శత్రుదుర్గం మీద తన జయపతాక ఎగరవేసింది. ఆ పతాక ఒక గుండ్రటి గడిలో, నువ్వుగింజలో సగమంత, నల్లటి చుక్క.