గొంతు గీరి పంపే మిషనుకు జేజేలు

ఫోనులో గొంతు స్పష్టంగా వినపడాలని కోరుకునేవాళ్లంతా సుఖం తెలియని మనుషులు! నన్నడిగితే, మాటలు సగం తెగిపోయి, మిగతా సగం బిందెలోంచి వచ్చినట్టు రావడమే ఈ కాలంలో మనకు దక్కిన అసలైన వరం.

నవ్వకండి. సీరియస్‌గానే చెబుతున్నాను.

మా బావమరిది ఇంటర్నెట్ ఫోన్ల కంపెనీలో ఇంజనీరు. మొబైల్ మన గొంతును ఉన్నదున్నట్టు పంపదట. చిన్న మూటగా కుక్కి కడుతుందట. ఆ కట్టే పద్ధతిని కోడెక్ అంటారు. మొబైల్ కట్టిన మూట ఇంటర్నెట్ ఫోనుకు పనికిరాదు, దాని పద్ధతి దానిది. అందుకని దారిలో ఒక మిషను ఆ మూట విప్పి మళ్లీ ఇంకోలా కడుతుంది. ఇది ట్రాన్స్‌కోడింగ్. అద్దె ఇల్లు మారినప్పుడల్లా రెండు గిన్నెలూ ఒక మూతా మాయమవుతాయి చూడండి, ఇదీ అంతే. మా మేనేజరు తిట్టిన తిట్లను ఇలా విప్పి కట్టేసరికి నాదాకా వచ్చేది "ఫైలు... రేపు... మనిషివేనా" అన్నంత వరకే. ఇంతకన్నా ఉపకారి ఎవరున్నారు?

మా ఆఫీసు క్యాషియరూ ఆయన తమ్ముడూ ఏళ్ల తరబడి ఎడమొహం పెడమొహం. ఇంటర్నెట్ ఫోనులో దెబ్బలాడుకోవడం మొదలుపెట్టాక ఒకరి తిట్లు ఒకరికి అందక, "సరేలే, ఉంటా" అని మర్యాదగా పెట్టేస్తున్నారు. పెద్దమనుషులు కూర్చుని చేయలేని రాజీ కోడెక్ చేసిపెట్టింది! దేశాధినేతలకు కూడా ఇలాంటి లైనే వేయిస్తే తుపాకులన్నీ తుప్పుపట్టిపోవూ?

ఇంకో సౌకర్యం వినండి. అవతలివాళ్లు నోరు మెదపకపోతే, లైను కట్టయిందేమోనని జనం కంగారుపడతారట. అందుకని మిషనే ఒక సన్నటి రొద సొంతంగా తయారుచేసి మన చెవిలో పోస్తుంది. దాని పేరు కంఫర్ట్ నాయిస్! మా అమ్మాయి పురిటికని మా ఆవిడ వెళ్లి కొన్ని నెలలు అక్కడే ఉండిపోయింది. రోజూ ఫోను చేసేది. నేను కుర్చీలో ఫోను పట్టుకుని హాయిగా కునుకు తీసేవాణ్ణి. ఆ రొద వింటూ ఆవిడ నేను వింటున్నాననుకునేది. "ఈమధ్య మీరు నా మాటకు అడ్డురావడం లేదండీ" అని మెచ్చుకుంది కూడా!

ఇంటికి తిరిగొచ్చాక ఆవిడే తన ఇంజనీరు తమ్ముణ్ణి పిలిపించింది.

"ఒరే, అమ్మాయి ఫోను చేస్తే ఫ్యాను రొదా, కుక్కర్ కూతా తప్ప ఇంకేమీ వినపడదేంట్రా?"

మావాడు గంటసేపు ఆవిడ ఫోనులో ఏవో నొక్కి, ఛాతీ విరుచుకుని లేచాడు. "మాట తప్ప ఇంకేదీ రాకుండా బిగించేశానక్కా. ఇక చూస్కో!"

ఆదివారం పొద్దున అమ్మాయి ఫోను చేసింది. "అమ్మా, నాన్నని కూడా పిలువు, తొందరగా! పాప పకపకా నవ్వుతోంది. పైకి వినపడేలా నవ్వడం ఇదే మొదలు. వినండి ఇద్దరూ!"

ఆ నవ్వు కోసం అన్ని నెలలూ పాప ముందు కోతిచేష్టలన్నీ చేసిన మనిషి మా ఆవిడ. తను రైలెక్కిన వారానికి పాపకు నవ్వొచ్చింది! ఫోను రెండు చేతులతో చెవికి అదుముకుంది. నేను పక్కనుంచి తల ఆనించాను.

మిషను ఆలోచించింది. ఇందులో ఒక్క మాటా లేదే! అయితే ఇది రొదే. శుభ్రంగా తుడిచేసి, ఆ ఖాళీలో తన సొంత రొద పోసింది. మేమిద్దరం ఊపిరి బిగబట్టి దాన్నే విన్నాం.

"విన్నారా? అచ్చం అమ్మ నవ్వే కదూ!" అంది అమ్మాయి. ఈ మాటలు మాత్రం ఒక్క అక్షరం తప్పకుండా వచ్చాయి.

"విన్నామే తల్లీ... ఎంత బాగుందో" అంది మా ఆవిడ. ఫోను పెట్టేసి, నావైపు చూడకుండా కళ్లు తుడుచుకుంది. ఇప్పుడు లోపల మళ్లీ సూట్‌కేసు సర్దుకుంటోంది. నా బట్టలు కూడా సర్దమన్నాను.

అయ్యా కోడెక్ గారూ! ఇంతసేపు మిమ్మల్ని పొగిడాను కాబట్టి ఒక్క మనవి. మా మాటలు ఎన్నయినా మింగండి. పోతే బెంగపెట్టుకునేంత సరుకు వాటిలో ఎలాగూ లేదు. ఆ నవ్వొక్కటి మాకు వదిలేయండి.