సిగ్నె గుమ్మంలో మిరియాల మర

శనివారం పొద్దుటికి ప్రెబెన్ వేసుకున్న పథకం చాలా తేలికైనది. నాలుగున్నరకు లేవాలి. ఎదురింటి గరాజులో దాచిన మూడు ఇనప పీపాలను కూతురి గుమ్మం ముందుకు దొర్లించుకురావాలి. ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, నిచ్చెనెక్కి, సిద్ధంగా ఉండాలి. సరిగ్గా ఆరింటికి సిగ్నె తలుపు తీయగానే ఆమె నెత్తిన ఆరు కిలోల మిరియాల పొడి పోయాలి. ఆ తరువాత అందరూ లోపల కూర్చుని కాఫీ తాగాలి.

ఇందులో వింతేముందని అడిగితే ప్రెబెన్ మీ వంక వింతగా చూసేవాడు. ముప్పై నిండినా పెళ్లి కాని పిల్లలకు డెన్మార్క్‌లో జరిగే మర్యాదే అది. పీపాలతో మనిషిని మించిన మిరియాల మర కట్టి గుమ్మంలో నిలబెడతారు, మనిషి దొరికితే మిరియాలు పోస్తారు. హోబ్రోలో ముప్పై ఎనిమిదేళ్లు బడి భవనం బాగోగులు చూసి పదవీ విరమణ చేసిన ప్రెబెన్, ఆ ఊళ్లో ఎవరి పిల్లలకు ముప్పై వచ్చినా పీపాలు తానే తెచ్చేవాడు. ఒక్క తన కూతురి దగ్గరే వెనకబడ్డాడు. ఇరవై ఐదు నిండిన రోజున దాల్చినచెక్క పొడి పోయాలి. సరిగ్గా ఆ నెలలోనే సిగ్నె ఉద్యోగమంటూ సముద్రం దాటి స్కాట్లండ్ వెళ్లిపోయింది. ఆమె కోసం కొన్న పొడి డబ్బా ఐదేళ్లుగా వంటింటి అలమరలోనే ఉంది. అప్పుడప్పుడూ దాన్ని తీసి, దుమ్ము తుడిచి, మళ్లీ పెట్టేవాడు. దాల్చినచెక్క ఎలాగూ తప్పిపోయింది, మిరియాలు కూడా తప్పిపోతే పిల్ల పూర్తిగా పరాయిదైపోయినట్టేనని అతని భయం. ఈ మాట భార్య బోదిల్‌కు కూడా చెప్పలేదు.

బోదిల్ భయం వేరు. రెండు వారాల క్రితం సిగ్నె ఫోను చేసి, "శనివారం మీ ఇద్దరికీ ఒక మాట చెప్పాలమ్మా, ఫోనులో కుదరదు" అంది. ఫోను పెట్టేయగానే బోదిల్ తేల్చేసింది.

"ఫర్గస్‌తో చెడింది. విడిపోతున్నారు."

"నాలుగేళ్లుగా కలిసి ఉంటున్నారు కదా, ఇప్పుడెందుకు చెడుతుంది?" అన్నాడు ప్రెబెన్.

"అందుకే చెడుతుంది. గొంతు విన్నావా? ఏదో దాస్తోంది."

గురువారం ఎడిన్‌బరా విమానాశ్రయంలో వాళ్ల పెట్టె దగ్గరికి సుంకాల శాఖ కుక్క వచ్చింది. వాసన చూసింది. తుమ్మింది. ఇక ఆపలేదు. పదకొండో తుమ్ముకు నేల మీద పడుకుంది. దాన్ని ఎత్తుకుపోయాక అధికారి పెట్టె తెరిచి, ముందుగా పైనున్న బూడిదరంగు ఉన్ని సాక్సులు బయటకు తీశాడు.

"అవి జాగ్రత్త. రెండు చలికాలాలు కూర్చుని అల్లాను," అంది బోదిల్.

"నేనింకా ఒక్కసారి కూడా తొడుక్కోలేదు, శనివారం భోజనానికి దాచుకున్నాను," అన్నాడు ప్రెబెన్.

"సంతోషం. కింద ఉన్న ఈ పొడి ఏంటి?"

"మిరియాలు. మా అమ్మాయి పుట్టినరోజుకి."

"ఎంతమందికి వంట?"

"వంటకి కాదండీ. మీద పోయడానికి."

అధికారి చాలాసేపు ఏదో రాసుకున్నాడు. మిరియాలు తేకూడదన్న నియమం మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

శుక్రవారమంతా ప్రెబెన్ నడకకు వెళ్తున్నానని నాలుగుసార్లు ఇల్లు దాటాడు. రేవు దగ్గర పడవల మరమ్మతు చేసేవాళ్లు మూడు ఖాళీ పీపాలు తీసుకుపొమ్మన్నారు. ఎదురింటి మొయిరా, ఎనభై రెండేళ్ల ఆవిడ, గరాజు తాళం ఇచ్చింది. పుట్టినరోజు సరదా అని చెబితే చాలనుకుంది, ఇంకేమీ అడగలేదు. పీపాలకు వెండిరంగు వేసి, ముందువైపు పెద్దగా ముప్పై అంకె రాశాడు. వెనకవైపుకు వచ్చేసరికి రంగు అయిపోయింది. అక్కడ పడవల రంగు కంపెనీవాళ్లు అంటించిన నారింజరంగు కాగితాలు, వాటి మీద పుర్రె, ఎముకలు అలాగే మిగిలాయి. ఆ కాగితాలు కనబడితే మాత్రం ఏమవుతుందిలే అనుకున్నాడు.

అటు ఇంట్లో ఫర్గస్ కాబోయే అత్తమామలకు చేయాల్సిన దానికంటే పదింతలు చేస్తున్నాడు. కుర్చీ లాగుతాడు, కోటు పట్టుకుంటాడు, చేప ముల్లు తీసి పెడతాడు.

"చూశావా, వెళ్లిపోయేవాడి మంచితనం ఇలాగే ఉంటుంది," అని బోదిల్ గొణిగి, రెండు రోజులు అతని వంక సరిగా చూడలేదు.

శనివారం వచ్చింది. జూన్ నెల కాబట్టి నాలుగున్నరకే బాగా తెల్లారింది. అందమైన వైపు సిగ్నెకు కనబడాలి కదా, అందుకని ప్రెబెన్ ముప్పై అంకెను తలుపు వైపుకూ, పుర్రెలను వీధి వైపుకూ తిప్పి పీపాలు నిలబెట్టాడు. మిరియాలు తన కళ్లలో పడకుండా ఈతగాళ్ల అద్దాలు పెట్టుకున్నాడు, ముక్కుకూ నోటికీ రంగులేసేవాళ్ల ముసుగు బిగించాడు. సంచీ చంకన పెట్టుకుని నిచ్చెనెక్కాడు. లోపల బోదిల్ బల్ల మీద చిన్న జెండాలు సర్దుతోంది. తలుపు తీయడానికి సిగ్నెను ఆరింటికి పంపడం ఆమె పని.

ఐదూ ముప్పావుకు పొద్దున్నే పరుగు తీసే ఒకాయన అటుగా వచ్చాడు. పుర్రెలను చూశాడు, ముసుగును చూశాడు, ఆగిపోయాడు.

"ఏం చేస్తున్నారండీ?"

ప్రెబెన్ ముసుగు మీద వేలుంచాడు. "మెల్లగా మాట్లాడండి. లోపలివాళ్లకు తెలియకూడదు. ఆరింటికి తలుపు తీస్తారు, అప్పుడు పోస్తాను."

"ఏం పోస్తారు?"

"ఈ పొడి. ఆరింటిదాకా ఎవరికీ చెప్పకండి, మీకు పుణ్యముంటుంది."

ఆయన వచ్చినదానికంటే రెట్టింపు వేగంతో వెళ్లిపోయాడు. ఈ దేశంలో కూడా మర్యాద తెలిసినవాళ్లున్నారని ప్రెబెన్ తృప్తి పడ్డాడు.

ఆరుకు మూడు నిమిషాలుండగా వీధి రెండు చివరలా రెండు అగ్నిమాపక వాహనాలు వచ్చి నిలిచాయి. తలల దాకా కప్పుకున్న ఎనిమిది మంది దిగారు. వాళ్లను నడిపిస్తున్న అధికారిణి చేతిలో మైకు ఉంది.

"పెద్దాయనా, చేతిలోది వదిలేయండి."

"ఇంకా ఆరు కాలేదు," అన్నాడు ప్రెబెన్.

"వదిలేయమన్నాను."

ప్రెబెన్ పుట్టి బుద్ధెరిగాక అధికారుల మాట జవదాటలేదు. వదిలేశాడు. సంచీ పై పీపా అంచుకు తగిలి పగిలింది. సముద్రం మీది గాలి అప్పుడే మేల్కొన్నట్టు వచ్చి, ఆరు కిలోలనూ ఎత్తుకుని వీధి అంతటా పంచింది. ఇటు ఇళ్లలోనూ అటు ఇళ్లలోనూ కిటికీలు తెరుచుకున్నాయి, ప్రతి కిటికీలోంచీ తుమ్ములు వినిపించాయి. పొడిని నేలకు దించాలని సిబ్బంది నీళ్ల గొట్టం తిప్పారు. ఆ చప్పుడేమిటో చూద్దామని ఫర్గస్ తలుపు తీశాడు. పీపాలు ఒరిగిపోయాయి, నీళ్లన్నీ అతని ఛాతీ మీదికి వచ్చాయి.

నీళ్లు ఆగాక విచారణ మొదలైంది. ముసుగు సడలిపోయిన అధికారిణి ఒక్కో ప్రశ్నకు రెండేసి తుమ్ములు తుమ్ముతోంది. ప్రెబెన్ నిచ్చెన దిగి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"అంటే, ఆ పిల్లకి పెళ్లి కాలేదని మిరియాలు పోస్తున్నారా?"

"ముప్పై నిండింది కదండీ. ఇరవై ఐదైతే దాల్చినచెక్కే."

"నాకు నలభై ఒకటి. పెళ్లి కాలేదు. నా మీద ఏం పోస్తారు?"

ప్రెబెన్ నిజంగానే ఆలోచించాడు. "మీ విషయం మా ఊళ్లో పెద్దవాళ్లని అడగాలి."

రాత్రి దుస్తుల మీదే ఎదురింటి మొయిరా వచ్చింది. ముక్కు తుడుచుకుని, అందరినీ కలయజూసింది.

"పెళ్లి కాకపోవడమేంటి? ఫిబ్రవరిలో అయింది కదా. సాక్షి సంతకం పెట్టింది నేనే. నీలం టోపీ కూడా కొనుక్కున్నాను."

వీధిలో ఎవరూ తుమ్మలేదు. సిగ్నె గుమ్మంలో నిలబడి ఉంది, మొహం పాలిపోయింది. "ఇవాళ చెబుదామనుకున్న మాట అదే నాన్నా," అంది.

"విడిపోవడం లేదా?" అంది బోదిల్. ఆ వెంటనే ఆమెకు వణుకుతున్న ఫర్గస్ కనిపించాడు. "అయ్యో, అల్లుడు తడిసిపోయాడు" అంటూ లోపలికి పరిగెత్తి, తమ పెట్టెలో చేతికందినవి తెచ్చి అతని చేత బట్టలు మార్పించే పనిలో పడింది.

ప్రెబెన్ అద్దాలు తీశాడు. తీసి ఉండాల్సింది కాదు, కళ్లలో మిరియాలు పడ్డాయి. ఆ తరువాత కారిన నీళ్లలో మిరియాలవి ఎన్నో, తక్కినవి ఎన్నో అతనికే తెలియదు.

"నాతో చెప్పొచ్చు కదా," అన్నాడు.

"చెబితే హోబ్రో సగం దిగేది నాన్నా. నూట ఇరవై మంది, పాటలు, ఒక్కొక్కరిదీ ఒక ప్రసంగం. నాకు భయమేసింది. పది నిమిషాల్లో సంతకాలు పెట్టి బయటికొచ్చాం. వేయించిన చేపలు తిన్నాం, ఇంటికొచ్చాం."

"బాగుందా?"

"చేపలు బాగున్నాయి," అంది సిగ్నె. "ఇంటికొచ్చాక ఫర్గస్ బూట్లు విప్పాడు. సాక్సులు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఎవరూ కత్తిరించలేదు. అవి చూసి స్నానాలగదిలో కూర్చుని ఏడ్చాను. ఆయనకేమో ఎందుకో అర్థం కాలేదు."

ప్రెబెన్‌కు బాగా అర్థమైంది. వాళ్ల దేశంలో పెళ్లి నాట్యం కాగానే పెళ్లికొడుకును పైకెత్తి సాక్సుల కొసలు కత్తిరించకపోతే, ఎన్ని సంతకాలు పెట్టినా పెళ్లి సగమే అయినట్టు. పిల్ల పరాయిదైపోలేదు. సముద్రం ఇవతల కూర్చుని ఎవరూ కత్తిరించని సాక్సుల కోసం ఏడ్చింది. అతనికి గుండె నిండిపోయింది.

"కత్తెర ఎక్కడుంది?" అన్నాడు.

పొడిబట్టలతో ఫర్గస్ బయటకు రాగానే బోదిల్ పెళ్లి నాట్యానికి పాడే వాల్ట్జ్ వరసలో కూనిరాగం అందుకుంది. తడిసిన రోడ్డు మీద కొత్త దంపతులు తిరగడం మొదలుపెట్టారు. ప్రెబెన్ అగ్నిమాపక సిబ్బందిని వలయంగా నిలబెట్టాడు.

"చప్పట్లు కొడుతూ దగ్గరికి జరగండి. వాళ్లిద్దరికీ కదలడానికి చోటు లేకుండా పోవాలి."

"ఇదంతా నివేదికలో రాయాలి నేను," అంది అధికారిణి.

"తరువాత రాద్దురుగాని. ముందు చప్పట్లు."

వాళ్లు కొట్టారు. వలయం చిన్నదవుతూ వచ్చింది, మొయిరా కూడా అందులో దూరింది. చివరికి నలుగురు సిబ్బంది ఫర్గస్‌ను నిచ్చెనను ఎత్తినంత అలవాటుగా పైకెత్తారు. బోదిల్ అతని చెప్పులు ఊడబీకింది. ప్రెబెన్ ఇంకా కారుతున్న కళ్లతో తడుముకుంటూ రెండు పాదాల దగ్గరా కత్తెర ఆడించాడు. పది వేళ్లూ బయటపడ్డాయి, వీధి అంతా చప్పట్లు కొట్టింది, సిగ్నె వచ్చి తండ్రి మెడ పట్టుకుని ఏడ్చి నవ్వింది.

కళ్లు తుడుచుకున్నాక ప్రెబెన్ చేతిలోని కత్తిరింపులు చూసుకున్నాడు. బూడిదరంగు ఉన్ని, రెండు చలికాలాల అల్లిక.