డంఫౌండెడ్ పాఠం

ఆ ఉదయం శాంతికుమార్ మేష్టారి పథకం చిన్నదే. ప్రార్థన వేళ పిల్లలకు రోజుకొక ఇంగ్లిషు మాట, దాని అర్థం, పుట్టుక చెప్పడం ఆయనకు అలవాటు. ఇవాళ తనిఖీ అధికారి ముందు ఆ పని దివ్యంగా చేసి, మిగులు పోస్టుల జాబితాలోంచి తన పేరు కొట్టించుకోవాలి. భార్యాభర్తలు పదకొండేళ్లు చెరో ఊళ్లో ఉద్యోగాలు చేసి, మొన్న జూన్‌లోనే బొబ్బిలిలో ఒక ఇంట్లో చేరారు. మళ్లీ కొండల్లోకి పొమ్మంటే ఆదివారం కాపురమే.

అయితే వారం రోజులుగా చర్చివాళ్లతో వీధివీధీ తిరిగి క్రిస్మస్ పాటలు పాడాడు. గొంతు బొంగురుపోయింది.

"ఇయ్యేల నోరిప్పకండి. పాటలు పాడీసినప్పుడు నేదేటి ఈ భయం?" అంటూ భార్య దీవెన మిరియాల కషాయం పట్టించింది.

"పది నిమిషాలే కదే. అందాకా దాసుకుంటాను" అని గుసగుసలాడాడు మేష్టారు.

దాచుకున్న గొంతు దాచుకున్నచోటే ఉండిపోయింది. బోర్డు మీద 'డంఫౌండెడ్' అని రాసి, ఇటు తిరిగి నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు.

"నోట మాట రాకపోడం, సార్" అంది ముందు వరసలోని యమున.

అధికారి కుర్చీలో ముందుకు జరిగాడు. "నటించి సూపిస్తన్నారండి. కొత్త పద్ధతి" అన్నాడు హెడ్మాస్టరు మురళీమోహన్, స్కూలు పరువు కాపాడే తొందరలో.

మేష్టారు కంగారుగా చాక్‌పీసు అందుకున్నాడు. 'డంబ్' అంటే మూగ, 'కన్‌ఫౌండ్' అంటే కలవరపెట్టడం, మొదటి మాటకు రెండోదాని తోక అతికించి మూడున్నర శతాబ్దాలు దాటిందని రాశాడు. పిల్లలు చదివి, ఒకరికొకరు అర్థం చెప్పుకున్నారు.

అధికారి మురిసిపోయాడు. "మేష్టారు నోరిప్పకుండానే నేర్సీసుకుంటన్నారు. ఈళ్లకి ఇంక ఇంగ్లిషు మేష్టారెందుకండి? ఈయన్ని కొండ మీద బడికి పంపిద్దాం. ఏటి మేష్టారూ, అభ్యంతరముంటే ఇప్పుడే సెప్పండి."

'నా గొంతు పోయింది. నేను వెళ్లను' అని మేష్టారు పెద్దక్షరాలతో రాశాడు. పిల్లలు అదీ పాఠమే అనుకుని ముక్తకంఠంతో చదివి చప్పట్లు కొట్టారు. "సూసేరా, ఇంకా నటన వదల్లేదు" అని అధికారి కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

మురళీమోహన్‌కు మాత్రం సంగతి అర్థమైంది. కానీ జాబితాలో తర్వాతి పేరు ఆయన బావమరిదిది, మేష్టారు ఆగితే వెళ్లాల్సింది అతనే. ఆయన కూడా చప్పట్లు కొట్టాడు. అది చూసి మేష్టారికి ఏడుపొచ్చింది.

మూడోనాటికి గొంతు వచ్చింది. బదిలీ ఉత్తర్వూ వచ్చింది.

"ఎప్పుడు ఒప్పుకున్నారండి మీరు?" అని దీవెన ఆ కాగితం చేతికిచ్చింది.

ఆయన ఆఖరి వాక్యం చదివాడు. 'సదరు ఉపాధ్యాయుడు బదిలీకి మౌఖికంగా అంగీకారం తెలిపినారు.'