వగైరా గారి అభిప్రాయ పత్రం

పొన్నాడలంక తాలూకా పాత రికార్డుల భాండాగారానికి వచ్చే సందర్శకుల్లో సగం మంది వీధిలోంచి వస్తారు, తక్కిన సగం మంది ఆ రికార్డుల్లోంచే వస్తారు కాబట్టి, అక్కడ చెప్పుల స్టాండ్లు రెండు పెట్టారు. రికార్డుల్లోంచి దిగేవాళ్ళలో చాలామందికి చెప్పులు ఉండవు. అయినా మంజూరైన స్టాండును వెనక్కి పంపితే వచ్చే ఏడాది బీరువా కూడా ఇవ్వరని దాన్ని అలాగే ఉంచారు. గుమస్తాలు దాని మీద టిఫిన్ క్యారియర్లు పెట్టుకుంటారు.

ఊళ్ళో వాళ్ళకు ఇదేమీ వింత కాదు. తాతగారి పొలం హద్దులు వెతుక్కుంటూ మనవడు వస్తాడు. ఆ తాతగారే పాత కాయితాల కట్టలోంచి దిగి, కండువా దులుపుకుని, పక్క బల్ల దగ్గర తన తాతగారి హద్దులు వెతుక్కుంటూ ఉంటారు. ఒకరికొకరు కనబడినా పలకరించుకోరు. గోడ మీద "నిశ్శబ్దం పాటించవలెను" అని ఎర్ర అక్షరాలతో రాసి ఉంది మరి.

వరహాలమ్మ అక్కడ జవాబుల గుమస్తా. వచ్చినవాళ్ళు వెళ్ళేటప్పుడు నింపే అభిప్రాయ పత్రాలన్నిటికీ పదిహేను రోజుల్లోగా జవాబు రాయడం ఆవిడ పని. ఇరవై ఆరేళ్ళుగా అదే కుర్చీ, అదే బల్ల, బల్ల ఊగకుండా ఒక కాలి కింద పెట్టిన అదే కొబ్బరి చిప్ప. వీధి వైపు వాళ్ళ పత్రాలు చదవక్కర్లేకుండానే తెలిసిపోయేవి. మంచినీళ్ళ గ్లాసుకు కట్టిన గొలుసు మరీ పొట్టిగా ఉంది, వంగి తాగాల్సి వస్తోంది. మరుగుదొడ్డి గడియ బయటి వైపు బిగించారు. జిరాక్సు మిషను మీద పిల్లి పడుకుంటోంది. వీటన్నిటికీ ఆవిడ "తమ సూచన అందినది, తగు చర్య తీసుకోబడును" అని రాసి పంపేది.

రికార్డుల వైపు వాళ్ళవి అలా కుదరవు. కాస్త కూర్చుని ఆలోచించాలి. "చెదపురుగులు మా రెండోవాడి వయసు తినేశాయి, పిల్లవాడికి సంబంధాలు రావడం లేదు" అని రాశాడు ఒకాయన. వరహాలమ్మ అన్న వయసు, చెల్లెలి వయసు చూసి, మధ్యలో ఒక అంకె ఎంచి సర్దింది. "పక్క కాయితంలో ఉన్నవాళ్ళకూ మాకూ గట్టు తగాదా, వాళ్ళ మీద పడుకోలేకపోతున్నాం" అని ఒక కుటుంబం రాస్తే, రెండు కాయితాల మధ్య అట్టముక్క పెట్టించింది. ఆ అట్టముక్క ఎవరి వాటాలోకి వస్తుందని ఆ రెండు ఇళ్ళ వాళ్ళూ ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు, అది వేరే సంగతి.

ఆషాఢంలో ఒక మంగళవారం నాడు ఆ పత్రం వచ్చింది. పేరు అన్నచోట "వగైరా" అని ఉంది. చిరునామా, సర్వే నంబరు 214, మూడో బీరువా. సంతకం చోట వేలిముద్ర. సూచన అన్నచోట అటెండరు చేత రాయించినట్టుంది: "మంచినీళ్ళు చల్లగా ఉన్నాయి. ఫ్యాను చాలా బాగుంది. నా పేరు మాత్రం కనబడలేదు. ఎక్కడ పెట్టారో చెప్పగలరు."

పాత భూమి లెక్కల్లో వగైరా అన్నది మామూలే. ఒక పొలం మీద నలుగురికి హక్కుంటే, కరణం గారు మొదట కనబడిన మగమనిషి పేరు రాసి, తక్కినవాళ్ళనందరినీ ఆ ఒక్క మాటలో సర్దేసేవారు. సిరా కలిసొచ్చేది, కాయితంలో చోటూ కలిసొచ్చేది. ఇక్కడ రాసి ఉన్నది "దూలం వీర్రాజు వగైరా" అని. అలాంటివాళ్ళు మూడు బీరువాల నిండా ఉన్నారు గానీ, దిగొచ్చి అడిగినవాళ్ళు ఎవరూ లేరు. వరహాలమ్మకు కుతూహలం ఆగలేదు. కళ్ళజోడు తీసి జడలో గుచ్చుకుని హాల్లోకి వెళ్ళింది.

ఫ్యాను కింద ఒక మనిషి తల పైకెత్తి నిలబడి ఉంది. నలభై ఏళ్ళుంటాయి. మోకాళ్ళ దాకా బురద ఎండి ఉంది.

"నువ్వేనా అమ్మా, ఈ కాయితం ఇచ్చింది?"

"నేనేనండి. దీన్ని ఎవరు తిప్పుతున్నారండి?"

"కరెంటు."

"ఆయనెక్కడ కూర్చుంటారండి?"

"ఆయన మధ్యాహ్నం రెండు దాటితే ఉండడులే. నువ్వలా కుర్చీలో కూర్చో."

"అయ్యబాబోయ్, కుర్చీలు పేరు పెట్టి పిలిచి ఇత్తన్నారు గదండీ. నన్నేమని పిలుత్తారు?"

"నీ పేరు నీకు గుర్తులేదూ?"

ఆ మనిషి ఫ్యాను మీంచి చూపు దించింది. "చిన్నప్పుడు ఒకటుండేదండి. మా అమ్మ పిలిత్తే నూతికాడికి వినబడేది. చివర్న సాగదీసేదండి. ఆ సాగదీయడం గుర్తుంది. ముందు ఏటనేదో అది గుర్తులేదు."

వరహాలమ్మ తిరిగొచ్చి నియమాల పుస్తకం తీసింది. ఏడో నియమం చాలా తేటగా ఉంది: పేరు లేని పత్రానికి జవాబు ఇవ్వబడదు. పేరు ఎక్కడుందో చెప్పమని అడిగిన మనిషికి, పేరు లేదు కాబట్టి, పేరు ఎక్కడుందో చెప్పకూడదు. ఆవిడ ఆ నియమాన్ని మూడుసార్లు చదివింది. ప్రతిసారీ అది సరిగ్గానే ఉంది.

తక్కిన రోజుల్లో అయితే పత్రాన్ని పక్కన పెట్టి ఆర్నెల్లు ఆలోచించేది. కానీ ఆ నెలాఖరుకల్లా రికార్డులన్నీ కంప్యూటరులోకి ఎక్కించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఎక్కినవాళ్ళు ఇకమీదట మీట నొక్కితే వస్తారు. కాయితాలు మాత్రం ముద్ద చేయడానికి మిల్లుకు వెళతాయి. ఎక్కనివాళ్ళు కాయితంతో పాటే వెళతారు.

ఎక్కించే పని ఫణీంద్ర అనే కాంట్రాక్టరుది. ఆయన మొదటి రోజునే వరహాలమ్మ దగ్గరికి వచ్చి, "మేడమ్, ఈ వగైరా అనేది ఇంటిపేరాండి, అసలు పేరాండి?" అని అడిగాడు. ఆవిడ ఊరు వెళ్ళి రెండు రోజులు సెలవులో ఉండి వచ్చేసరికి, ఆయన తనే తేల్చుకుని ఇంటిపేరు గడిలో టైపు కొట్టేశాడు. దాంతో తాలూకాలో అన్నిటికన్నా పెద్ద కుటుంబం వగైరా వారిదని, మొత్తం పదకొండు వందల నలభై మూడు మంది ఉన్నారని తేలింది. ఆ కుటుంబానికి ఒక కల్యాణ మండపం కూడా ప్రతిపాదించారు. తీరా చూస్తే ఇంటిపేరు పక్కన పేరు గడి ఖాళీగా ఉందని కంప్యూటరు ఒప్పుకోలేదు. అందరినీ ఒక్కదెబ్బన తీసేసింది. కల్యాణ మండపం మాత్రం ఫైల్లో మిగిలింది.

"మరి వీళ్ళ సంగతేంటండీ?" అని వరహాలమ్మ సూపరింటెండెంటు సోమయాజులు గారిని అడిగింది.

"ఎవరైనా ఫిర్యాదు చేశారా?"

"ఒకావిడ చేసిందండి."

"అయితే ఆవిడ సంగతి చూడండి. అభిప్రాయం చెప్పనివాళ్ళు సంతృప్తిగా ఉన్నట్టే లెక్క."

గడువు పద్దెనిమిది రోజులుంది. వరహాలమ్మ పద్ధతి ప్రకారమే మొదలుపెట్టింది. ముందు దూలం వీర్రాజుకు పిలుపు చీటీ రాసి ఆయన కాయితం మీద పెట్టింది. అరగంటలో దిగొచ్చాడు. బల్లకు ఇవతల నిలబడ్డ ఆ మనిషిని చూసి, "ఇక్కడున్నావా?" అన్నాడు, సంతకు వెళ్ళి ఆలస్యమైనట్టు.

"ఈవిడ మీకేమవుతుందండీ?"

"మా ఇంటిదండి."

"పేరు?"

"ఇదిగో."

వరహాలమ్మ ఆయన ఏదో చూపిస్తున్నాడనుకుని అటు చూసింది. అక్కడేమీ లేదు.

"ఏది?"

"అదేనండి. 'ఇదిగో' అనే పిలిచేవోణ్ణి. మొదట్నించీ పలికేది. పలుకుతుంటే ఇంకో పేరెందుకండీ?"

"ఆ పొలం ఎవరిది?"

"ఆళ్ళమ్మదండి. కూతురికి రాసిచ్చింది."

"మరి మీ పేరు ముందెందుకుంది?"

"కరణంగారొచ్చినప్పుడు నేను అరుగు మీదున్నానండి. అది లోపల గంజి వారుత్తంది." వీర్రాజు అందులో దాచడానికేమీ లేనట్టే చెప్పాడు. పెళ్ళాం వైపు తిరిగి, "పేరు కావాలంటే నన్నడగొచ్చు గదా, ఈళ్ళందర్నీ ఎందుకు ఇబ్బంది పెట్టడం?" అన్నాడు.

"అడిగితే తెలుసా నీకు?" అంది ఆ మనిషి.

"తెలవదు. అడగాలి గదా అంట."

తర్వాత హద్దుల వాళ్ళను పిలిచారు. తూర్పు హద్దు మట్టపర్తి ఏసోబు, "చిట్టోడి అమ్మ అనేవోళ్ళమండి. మంచి మనిషి, మా దూడ తప్పిపోతే వెతికిపెట్టింది" అన్నాడు. దూడ పేరు అడిగితే తడుముకోకుండా "గంగ" అన్నాడు. పడమటి హద్దు ముసలావిడ, "వీర్రాజు పెళ్ళాం. అంతకుముందు మేం ఎరగం" అంది. దక్షిణపు హద్దు కాలవ, అది రాలేదు. ఉత్తరపు హద్దు వాళ్ళు వగైరాలే. వాళ్ళను పిలవాలంటే పేర్లు కావాలి.

ఇక మిగిలింది తల్లి. పేరు పెట్టిన మనిషి ఆవిడే కదా. తల్లి ఊరు పక్క తాలూకాలోది, కాయితాలు అక్కడి ఆఫీసులో ఉన్నాయి. వరహాలమ్మ అత్యవసరం అని ఎర్రసిరాతో రాసి ఉత్తరం పంపింది. పదకొండో రోజున జవాబు వచ్చింది. "సదరు సర్వే నంబరులో సదరు తల్లి కూడా వగైరాయే అయినందున పిలవడానికి వీలుపడలేదని తెలియజేయడమైనది. మా సేవల పట్ల తమ అభిప్రాయం తెలుపగలరు."

ఈ రోజులన్నిటిలోనూ ఆ మనిషి పొద్దున్నే దిగొచ్చి ఫ్యాను కింద నిలబడేది. మధ్యాహ్నం కరెంటు పోతే, "ఆయన భోయినానికెళ్ళారా?" అని అడిగి, వచ్చేదాకా గోడకు ఆనుకునేది. మిల్లు లారీ గురించి ఆవిడకు అటెండరు చెప్పేశాడు. "ముద్ద చేత్తే ఏమవుద్దండీ?" అని ఒకసారి అడిగింది. "కొత్త కాయితం అవుతుంది" అంది వరహాలమ్మ. "దాని మీద ఎవరి పేర్లు రాత్తారండీ?" అంది ఆ మనిషి. వరహాలమ్మ లేచి వెళ్ళి నియమాల పుస్తకం మళ్ళీ మొదట్నించీ తిరగేసింది.

గడువు రేపనగా ఆవిడ సోమయాజులు గారి గదిలోకి వెళ్ళింది.

"ఏదో ఒక పేరు పెట్టేద్దామండి. లక్ష్మో, సీతో. ఎవరడుగుతారు?"

సోమయాజులు గారు కళ్ళజోడు దించారు. "లేని పేరు పుట్టించే అధికారం మనకు లేదమ్మా. అది మునిసిపాలిటీ వాళ్ళ పని. వాళ్ళు పుట్టినవాళ్ళకే ఇస్తారు, ఈవిడ పుట్టి నూట పాతికేళ్ళయింది. ఉన్న పేరును బదిలీ చేయడానికి మాత్రం మనకు అధికారం ఉంది. ఎవరైనా తమది వదులుకుంటున్నట్టు రాసివ్వాలి. ఇంతవరకూ ఎవరూ రాసివ్వలేదు."

"బదిలీ అయితే మొదటి మనిషికి ఉండదాండీ?"

"ఒక పేరు ఒక మనిషికే. మీకు తెలియనిదేముంది?"

వరహాలమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఆలోచించింది. ఆలోచించిందంటే పెద్దగా ఏమీ కాదు, వరహాలమ్మ అని పేరు పెట్టి తనను ఎవరైనా ఆఖరున ఎప్పుడు పిలిచారా అని లెక్క చూసుకుంది. ఆఫీసులో మేడమ్. వీధిలో జవాబులావిడ. పుట్టింట్లో పెద్దమ్మాయి. పేరు పెట్టి పిలిచే తల్లి పోయి తొమ్మిదేళ్ళయింది.

"నాది రాసిస్తానండి" అంది.

"మరి మీకో?"

"నాకు పెద్దగా వాడకం లేదండి."

ఆయన సొరుగులోంచి పచ్చ కాయితం తీసిచ్చారు. అందులో కారణం అన్న గడిలో ఏం రాయాలో తెలియక వరహాలమ్మ "స్వంత విషయం" అని రాసింది. ముద్ర పడింది.

అప్పుడావిడ తన బల్ల దగ్గర కూర్చుని ఆ జవాబు రాసింది. "శ్రీమతి దూలం వరహాలమ్మ గారికి. తమ అభిప్రాయ పత్రం అందినది. మంచినీళ్ళు, ఫ్యాను గురించి తాము రాసిన మంచి మాటలకు కృతజ్ఞతలు. తాము అడిగిన పేరు మా కార్యాలయంలోనే ఒక బల్ల దగ్గర దొరికినది. ఇందుతో జతపరచడమైనది. జాప్యానికి చింతిస్తున్నాము." సంతకం పెట్టబోయి ఆగి, "జవాబుల గుమస్తా" అని మాత్రం రాసింది.

అటెండరు హాల్లోకి వెళ్ళి, "దూలం వరహాలమ్మా!" అని గట్టిగా పిలిచాడు. బల్ల దగ్గరున్నావిడ అలవాటున లేవబోయి మళ్ళీ కూర్చుంది. ఫ్యాను కింద ఉన్న మనిషి మొదట వెనక్కి తిరిగి చూసింది, ఎవరినో పిలుస్తున్నారని. రెండోసారి పిలిస్తే, "వత్తన్నానండీ" అని చివర సాగదీసి పలికింది. వచ్చి ఉత్తరం అందుకుని, మడిచి బొడ్డున దోపుకుని, కుర్చీలో రెండు కాళ్ళూ పైకి పెట్టుకుని కూర్చుంది. ఫణీంద్ర ఆ సాయంత్రమే పేరు గడి నింపాడు. కంప్యూటరు ఒప్పుకుంది. మర్నాడు లారీ వచ్చి తక్కిన పదకొండు వందల నలభై రెండు మందినీ ఎక్కించుకుని పోయింది. ఫిర్యాదులేమీ రాలేదు.

జవాబుల గుమస్తా ఇంటికి వెళుతూ, ఇంట్లో వాళ్ళు గమనిస్తే ఏం చెప్పాలా అని దారి పొడుగునా మాటలు కూడబెట్టుకుంది. ఆ అవసరం రాలేదు. కూర బాగుందన్నారు. ఆ వారంలో వచ్చిన రెండు శుభలేఖల మీద ఇంటాయన పేరు, పక్కన "గారి కుటుంబం" అని ఉంది. గ్యాసు పుస్తకం ఆయన పేరు మీదే ఉంది. హాజరు పట్టీలో ఆవిడ సంతకం ఎప్పుడూ ఒక గీతే కాబట్టి అదీ మారలేదు. నెల గడిచింది. ఆవిడ మొదట ఆశ్చర్యపోయింది, తర్వాత తక్కిన ఆడవాళ్ళ సంగతేమిటో తెలుసుకోవాలనిపించింది.

ఒక సోమవారం బస్సులో, కిటికీ పక్కన కూర్చున్నావిడతో కూరగాయల గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడాక, "ఇంతకీ మీ పేరేంటమ్మా?" అని అడిగింది.

కిటికీ పక్కావిడ నవ్వి, నోరు తెరిచి, ఆగింది. ఒళ్ళో ఉన్న సంచీ తెరిచి, అడుగునుంచి ఆధార్ కార్డు తీసి, వెలుతురుకు పెట్టి చూసింది.

"హేమలత అని ఉందండి."