మూడు గుప్పిళ్ల చేదు

ఆ శనివారం ఉదయం సింగపూర్ బిషాన్‌లోని తన ఫ్లాట్‌లో కృష్ణప్రసాద్ పెట్టుకున్న పని ఒక్కటే. పోయిన స్నేహితుడు సాంబమూర్తి కాచినట్టే గోధుమ బీరు కాచాలి. సాంబమూర్తి గుండెపోటుతో పోయి ఆరు నెలలైంది. అతని భార్య సుధామణి ఇల్లు ఖాళీ చేసి నెల తిరక్కుండా విశాఖ వెళ్లిపోతోంది. బీరు పాత్రలూ, అతను రాసుకున్న నోటుపుస్తకమూ తెచ్చిచ్చి, "వెళ్లేలోగా ఒక్కసారి ఆయన బీరు కాచిపెట్టు ప్రసాద్" అంది. అడగక అడగక అడిగింది. అందుకే అది చెడిపోతే తనని తాను క్షమించుకోలేడు.

కృష్ణప్రసాద్ పాయా లేబర్‌లోని ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ లీడ్. జావా అన్న మాట పలకడం వస్తే చాలు, విమానం ఎక్కించి తెస్తున్న రోజులవి. పని జాస్తి, మనుషుల మీద నమ్మకం నాస్తి. ఆఫీసులో ఉన్నట్టే ఇంట్లోనూ ఫ్రిజ్ మీద ఒక జాబితా అంటించాడు. ఎవరు ఏ పని చేసినా పక్కన టిక్ పెట్టాలి. టిక్ లేకపోతే ఆ పని జరగనట్టే.

పుస్తకంలో "హాప్స్ గుప్పెడు" అని ఉంది. బీరుకి చేదునిచ్చే ఎండు పువ్వులవి. కృష్ణప్రసాద్ మరుగుతున్న గిన్నెలో గుప్పెడు వేసి, పెన్ను అందుకునేలోగా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. సర్వర్ పడిపోయిందట. గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

భార్య సూర్యకుమారి వచ్చి చూస్తే హాప్స్ పక్కన టిక్ లేదు. "ఈయన ఫోన్‌లో పడ్డారంటే ఇంక అంతే సంగతులు" అని గొణుక్కుంటూ ఓ గుప్పెడు వేసింది. చేతులు జిగటగా ఉంటే కడుక్కుంటూ, "కీర్తికా, హాప్స్‌కి టిక్ పెట్టవే" అని కేకేసింది. కూతురు నియమం ఎరిగిన పిల్ల. పని చెయ్యకుండా టిక్ పెట్టడం మోసం కదా? గుప్పెడు వేసి మరీ పెట్టింది.

"డన్ లా, అమ్మా" అంది అక్కడి ఇంగ్లీషు యాసలో.

గంట తర్వాత వచ్చిన కృష్ణప్రసాద్, తాను మరిచిన టిక్ కూతురు పెట్టిందని మురిసిపోయాడు.

సుధామణి ప్రయాణానికి ముందురోజు సీసాలు తెరిచారు. పాత స్నేహితుడు జగన్మోహనరావు మొదటి గుక్క మింగాడు. అతని కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. "మూర్తి గుర్తొచ్చాడా అన్నయ్యా" అంటూ సూర్యకుమారి కొంగు కళ్లకద్దుకుంది. "అవునమ్మా" అన్నాడతను, గ్లాసు దూరంగా జరుపుతూ.

కృష్ణప్రసాద్ తాగి చూశాడు. పచ్చి కాకరకాయ రసం. ఆరా తీస్తే మూడు గుప్పిళ్లూ బయటపడ్డాయి. అతను సుధామణి వైపు తిరిగాడు.

"క్షమించు వదినా. వాడి పేరు చెప్పి ఈ పాపం చేశాను."

సుధామణి అప్పటికే సగం గ్లాసు తాగేసింది. చెంపల మీద కన్నీళ్లు, పెదవుల మీద నవ్వు.

"ఇదే ప్రసాద్. అచ్చం ఇదే. గుప్పెడని రాసేవారు గానీ, ఒకసారి వేసి, వేశానో లేదోనని మళ్లీ మళ్లీ వేసేవారు. మీరొచ్చే ముందు నేనే జగ్గుల్లో నిమ్మరసం, పంచదార పాకం కలిపేదాన్ని. మీరు మెచ్చుకుంటే ఆయన మొహం చూడాలి. ఆయనకి చెప్పలేదు. ఎప్పుడైనా చెప్పి ఇద్దరం నవ్వుకుందామనుకున్నాను."

ఆమె కళ్లు తుడుచుకుని, "నిమ్మకాయలున్నాయా సూర్యా?" అంటూ వంటింట్లోకి నడిచింది.

అందరి గ్లాసుల్లోనూ కలిపింది. కృష్ణప్రసాద్ మాత్రం తన గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టి, దాన్ని అలాగే చివరిదాకా తాగాడు. ఎనిమిదేళ్లుగా పొగుడుతూ వచ్చిన సాంబమూర్తి బీరును అతను రుచి చూడటం అదే మొదటిసారి.